సదస్సు లఘు పత్రం

నిర్వచనం, పరిధి

శాస్త్ర, సాంకేతిక సదస్సులో సమర్పించడానికి రాసే చిన్న పరిశోధన రచనను సదస్సు లఘు పత్రం అంటారు. కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో దీనికి షార్ట్ పేపర్ అన్న పేరే వాడుక. నిడివి సదస్సును బట్టి మారుతుంది. రెండు పేజీల విస్తృత సారాంశం నుంచి నాలుగు, ఆరు పేజీల పత్రం దాకా ఈ పేరుతో చలామణీ అవుతున్నాయి.

ఒకే ప్రశ్న, దాన్ని తేల్చడానికి అనుసరించిన పద్ధతి, దొరికిన ఫలితం, ఆ ఫలితం ఎంతవరకు చెల్లుతుందన్న వివరణ ఈ రచనకు ఆయువుపట్టు. పేజీలు తగ్గినంత మాత్రాన ఏ పత్రమూ లఘు పత్రం కాదు. ఎం.టెక్ లేదా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని నాలుగు పేజీలకు కుదిస్తే ప్రతి అధ్యాయానికీ ఒక పేరా దక్కుతుంది, ఏ పేరాలోనూ రుజువు మిగలదు. మొత్తం పనిలోంచి స్వతంత్రంగా నిలబడగల ఒక్క ఫలితాన్ని వేరుచేసి, దానికి కావలసిన ఆధారాలన్నీ అక్కడే ఇవ్వడం సరైన పద్ధతి.

దీనికి దగ్గరి రూపాలు కొన్ని ఉన్నాయి. సారాంశం 150 నుంచి 250 పదాల్లో ముగుస్తుంది. పోస్టర్‌ను గోడకు తగిలించి, పక్కన నిలబడి వివరిస్తారు. పత్రికల్లో వచ్చే లేఖ లేదా లఘు నివేదిక రూపంలో దీన్నే పోలి ఉన్నా సదస్సుతో సంబంధం లేకుండా అచ్చవుతుంది. ఈ వ్యాసంలో సదస్సు పత్రం గురించే వివరణ ఉంటుంది. ఉదాహరణలు ప్రధానంగా కడప జిల్లాలోని కమలాపురం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతానికి చెందినవి.

చరిత్ర

శాస్త్ర ఫలితాలను చిన్న రచనలుగా అచ్చువేసే సంప్రదాయం 1665లో మొదలైంది. ఆ ఏడాది పారిస్‌లో 'జర్నల్ దె సావాన్', లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సంపాదకత్వంలో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' వెలువడ్డాయి. అప్పటి రచనల్లో చాలా భాగం ఉత్తరాలే. ఉపోద్ఘాతం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే నాలుగు భాగాల చట్రం ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా స్థిరపడి, 1970ల నాటికి విజ్ఞాన పత్రికల్లో సాధారణమైంది.

భారతదేశంలో శాస్త్రవేత్తలు ఏటా ఒకచోట చేరి పత్రాలు చదివే వేదికగా ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఏర్పడింది. దాన్ని తలపెట్టినవారు జె. ఎల్. సైమన్‌సన్, పి. ఎస్. మక్‌మాన్ అనే ఇద్దరు బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు. మొదటి సమావేశం 1914 జనవరి 15 నుంచి 17 వరకు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన జరిగింది. 105 మంది శాస్త్రవేత్తలు హాజరయ్యారు. ఆరు విభాగాల్లో 35 పత్రాలు చదివారు. తెలుగు నేలపై ఈ సమావేశాలు హైదరాబాదులో 1937లోనూ, 2006లోనూ, వాల్తేరులో 1976లోనూ, విశాఖపట్నంలో 2008లోనూ, మరికొన్ని సార్లూ జరిగాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 2017 జనవరి 3 నుంచి 7 వరకు 104వ సమావేశానికి ఆతిథ్యమిచ్చింది. కడప జిల్లా పరిశోధక విద్యార్థులకు రైల్లో కొన్ని గంటల దూరంలో దొరికిన జాతీయ వేదిక అది.

లఘు పత్రానికీ పూర్తి పత్రానికీ ఉండవలసిన సంబంధం ఒక తెలుగువాడి పరిశోధనలో స్పష్టంగా కనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లోని ఫాస్ఫేటు స్వభావంపై 1927లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రకటించారు. ఫాస్ఫోక్రియాటిన్‌పై సమగ్ర పత్రం 1929లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో వచ్చింది. ఫలితం ఇదీ అని చిన్న రచన ముందుగా చాటింది. దానికి వెనుక ఉన్న ప్రయోగాలన్నీ రెండేళ్ల తర్వాత పెద్ద రచనలో వచ్చాయి. సి. వి. రామన్ కూడా తన కొత్త వికిరణం గురించి 1928 మార్చి 16న బెంగుళూరులో దక్షిణ భారత సైన్స్ సంఘం సమావేశంలో ప్రసంగించారు. ఆ ప్రసంగం తర్వాత 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్'లో అచ్చయింది. సమావేశంలో మాట్లాడిన మాట అచ్చుపత్రమై నిలిచిన సందర్భాల్లో ఇది ప్రసిద్ధమైనది.

పోస్టర్ ప్రదర్శనలు 1960ల చివర ఐరోపాలో మొదలై, 1970లలో అమెరికాకు, అక్కడి నుంచి ఇతర దేశాలకు పాకాయి. కంప్యూటర్ శాస్త్రంలో మాత్రం సదస్సు పత్రానికి పత్రికా వ్యాసంతో సమానమైన గౌరవం వచ్చింది. ఆ రంగంలో లఘు పత్రం కూడా పూర్తి సమీక్షకు లోనవుతుంది. భాషా సాంకేతికతలో అగ్ర సదస్సుగా పేరున్న ఏసీఎల్ లఘు పత్రాన్ని నాలుగు పేజీలకు పరిమితం చేసింది. చిన్నదే అయినా గురి కుదిరిన కొత్త విషయం, ఆశించింది రాలేదని తేల్చిన ప్రయోగం, ఒక ఉపయోగకరమైన అన్వయం వంటివాటిని ఈ విభాగంలో పంపమంటుంది. హైదరాబాదులో 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత కాంగ్రెస్ జరిగినప్పుడు ప్రపంచ దేశాల గణితజ్ఞులు లఘు సమర్పణలు చేశారు. 2018 సెప్టెంబరులో అదే నగరంలో జరిగిన ఇంటర్‌స్పీచ్ సదస్సు పత్రాలకు నాలుగు పేజీల పాఠం, అదనంగా ఉపయుక్త గ్రంథాలకు ఒక పేజీ అన్న హద్దు ఉంది. తెలుగు, తమిళం, గుజరాతీ మాటలను యంత్రం గుర్తుపట్టే పోటీ కూడా ఆ సదస్సులో భాగంగా నడిచింది.

కడప జిల్లా నేపథ్యం

ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లు ప్రపంచ భూవిజ్ఞాన సాహిత్యంలో నూట యాభై ఏళ్లుగా ఉన్నాయి. విలియం కింగ్ కడప, కర్నూలు శిలాసమూహాలపై రాసిన బృహత్ నివేదికను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1872లో ప్రచురించింది. గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట పేర్లతో పిలిచే శిలావిభాగాల గురించి రాసే పత్రాలు ఇప్పటికీ తరచూ ఆ నివేదిక దగ్గరికి వెళ్లి వస్తాయి. జమ్మలమడుగు దగ్గరి నార్జి గ్రామం పేరుమీద నార్జి సున్నపురాయి ఉంది. ఇళ్లలో అరుగులకు, గూళ్లకు వాడే కడప బండ ఈ రాతి కుటుంబానిదే. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో డోలమైటు రాతిలో ఉన్న యురేనియాన్ని క్షార ద్రావణంతో వేరుచేస్తారు. అక్కడి ఖనిజం ఎలా ఏర్పడిందన్నది ఇంకా చురుగ్గా సాగుతున్న పరిశోధనాంశం.

జీవశాస్త్రంలో ఈ జిల్లాకు పేరు తెచ్చింది కలివికోడి. 1848లో జెర్డాన్ కనుగొన్న ఈ పక్షి అంతరించిపోయిందని చాలాకాలం అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో అది మళ్లీ కనబడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ పునరావిష్కరణను అదే సంవత్సరం సంస్థ పత్రికలో నివేదించారు. తర్వాత పి. జగనాథన్ బృందం మెత్తటి మట్టి పరచిన దారులపై పడే అడుగుజాడలతో, వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలతో ఈ రాత్రించర పక్షి ఉనికిని కనిపెట్టే పద్ధతిని 2002లో 'ఓరిక్స్' పత్రికలో ప్రకటించింది. ఇది పత్రికా వ్యాసమే అయినా లఘు పత్రం రాసేవారికి మంచి నమూనా. ఒక పక్షి, దాన్ని పట్టుకునే ఒక పద్ధతి, అది పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న: అంతకు మించి దాని భుజాన వేరే బరువు లేదు.

యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో కడపలో ఏర్పడింది. దానికి చెందిన ఇంజనీరింగ్ కళాశాల ప్రొద్దుటూరులో ఉంది. అదే పట్టణంలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల, వేంపల్లె మండలం ఇడుపులపాయలో ఆర్‌జీయూకేటీ ప్రాంగణం ఉన్నాయి. కమలాపురం మండలపు పల్లె నుంచి ఈ చదువులకు వెళ్లిన విద్యార్థికి మొదటి పత్రం రాసే అవకాశం ఎక్కువగా బీటెక్ మూడో ఏడాదిలో, కళాశాల సాంకేతిక ఉత్సవంలో జరిగే పేపర్ ప్రెజెంటేషన్ పోటీలో వస్తుంది. 1993 నుంచి దేశవ్యాప్తంగా సాగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అంతకంటే ముందే, పాఠశాల స్థాయిలోనే ఆ తలుపు తెరుస్తుంది. అక్కడ పిల్లలు తమ ఊరి సమస్యను తీసుకుని, మాతృభాషలోనే నివేదిక రాసి చదవవచ్చు.

విషయ ఎంపిక

లఘు పత్రానికి తగిన విషయం సాధారణంగా చేతికి అందే దూరంలో ఉంటుంది. ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,650 మెగావాట్లు. అక్కడి బూడిదను కాంక్రీటులో సిమెంటుకు బదులు కొంత పాళ్లలో కలిపి బలం పరీక్షించడం సివిల్ విద్యార్థుల పత్రాల్లో తరచూ కనబడే అంశం. ఇందులో ఒక చిక్కు ఉంది. బూడిద కలిపిన కాంక్రీటు నిదానంగా బలం పుంజుకుంటుంది. 7, 28 రోజుల ఘనాలను మాత్రమే నలగ్గొట్టి, బూడిద వల్ల బలం తగ్గిందని తేల్చిన పత్రం సగం నిజమే చెబుతుంది. 56, 90 రోజుల ఫలితం కూడా ఉండాలి. సదస్సు గడువు అంతదాకా ఆగకపోతే ఆ సంగతి పత్రంలోనే రాయాలి.

విషయం బాగుండటం వేరు, ప్రశ్న సరిగ్గా ఉండటం వేరు. 'కమలాపురం మండల భూగర్భజల నాణ్యత' అన్నది విషయం. దాన్ని లఘు పత్రానికి తేవాలంటే ఇంకా చెక్కాలి. పాపాఘ్ని కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి, గ్రానైటు నేలల మీదుగా వచ్చి, వేంపల్లె దాటి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏటి గట్టు దగ్గరి బోర్లలో ఉండే ఫ్లోరైడుకూ, గట్టుకు దూరంగా నల్లరేగడి చేలల్లోని బోర్లలో ఉండే ఫ్లోరైడుకూ తేడా ఉందా? ఇది ఒక్క పత్రంలో జవాబు చెప్పగల ప్రశ్న. కింది విభాగాల్లో దీన్నే ఉదాహరణగా తీసుకున్నారు.

నిర్మాణం

*శీర్షిక, సారాంశం.* ఏమి కొలిచారు, ఎక్కడ కొలిచారు అన్న రెండూ శీర్షికలో తెలియాలి. 'ఒక అధ్యయనం', 'ఒక పరిశీలన' వంటి తోకలు చోటు తింటాయి తప్ప సమాచారం ఇవ్వవు. సారాంశంలో ఫలితం అంకెతో సహా ఉండాలి. 'ఫలితాలు చర్చించడమైనది' అని ముగిసే సారాంశం చదివినవారికి పత్రం తెరవాలో వద్దో తేలదు. సూచక పదాల్లో ఇంగ్లీషులో కడప పేరుకున్న పాత, కొత్త వర్ణక్రమాలు రెండూ ఇవ్వడం మంచిది. శిలావిభాగాల పేర్లు పాత రూపంలోనే స్థిరపడ్డాయి. జిల్లా పేరు కొత్త రూపంలో ఉంది. ఒక్కటే ఇస్తే వెతికేవారిలో కొందరికి పత్రం దొరకదు.

*ఉపోద్ఘాతం.* లఘు పత్రాల్లో ఎక్కువ చోటు వృథా అయ్యేది ఇక్కడే. నీరు ప్రాణాధారమని మొదలుపెట్టి, భూమ్మీద ఎంత శాతం మంచినీరుందో చెప్పి, ఫ్లోరోసిస్ వ్యాధి చరిత్రంతా రాసేసరికి మొదటి పేజీ అయిపోతుంది. మూడు పేరాలు చాలు. మొదటిదానిలో సమస్య: తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదనీయమని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) చెబుతుంది. రెండోదానిలో ఇంతవరకు తెలిసింది, తెలియనిది. మూడోదానిలో ఈ పత్రం వేసుకున్న ప్రశ్న.

*పద్ధతి.* ఇంకొకరు అదే పని మళ్లీ చేయగలిగేంత వివరం ఉండాలన్నది ఈ భాగానికి కొలబద్ద. లఘు పత్రంలో దేన్ని కుదించినా దీన్ని కుదించకూడదు. పై ఉదాహరణలో ఏ బోరు ఎందుకు ఎంచుకున్నారు, ఏటి గట్టు నుంచి దాని దూరం ఎంత, లోతు ఎంత, ఏ నెలలో నీరు పట్టారు అన్నవి తప్పనిసరి. మే నెల నీటినీ, ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక డిసెంబరులో పట్టిన నీటినీ ఒకే పట్టికలో కలిపేస్తే తేడా ఏటి వల్ల వచ్చిందో, వాన వల్ల వచ్చిందో చెప్పలేము.

నీరు పట్టే తీరుకూ నియమాలున్నాయి. మోటారు వేసిన వెంటనే వచ్చే నీరు పైపులో నిలవున్నది. కొంతసేపు వదిలి, నీటి వాహకత కొలత నిలకడ పట్టాక సీసా నింపాలి. ఫ్లోరైడు గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి పాలిథీన్ సీసా వాడాలి. దాన్ని ముందు అదే నీటితో రెండు మూడుసార్లు తొలచాలి. సీసాపై బోరు సంఖ్య, తేదీ, అక్షాంశ రేఖాంశాలు చెరగని సిరాతో రాయాలి. ప్రయోగశాలలో ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో కొలిచేటప్పుడు నీటికి సమాన పరిమాణంలో టిసాబ్ ద్రావణం కలుపుతారు. అది నీటి ఆమ్లత్వాన్ని తగిన స్థాయిలో నిలుపుతుంది, అల్యూమినియం వంటి లోహాలతో ముడిపడిన ఫ్లోరైడును విడిపిస్తుంది. తెలిసిన గాఢత గల ద్రావణాలతో పరికరాన్ని సరిచూశారా, కొన్ని నమూనాలను రెండేసిసార్లు కొలిచారా అన్న రెండు వాక్యాలు పత్రానికి బలం. ధన, రుణ అయాన్ల మొత్తాలు ఒకదానికొకటి సరిపోయాయో లేదో కూడా రాస్తారు. తేడా 5 శాతం లోపు ఉంటే విశ్లేషణ నమ్మదగిందని సాధారణంగా భావిస్తారు.

*ఫలితాలు.* ఒక పట్టిక, ఒక పటం. నాలుగు పేజీల్లో అంతకు మించి పెడితే అక్షరాలు కుంచించుకుపోతాయి. ప్రతి బోరు కొలతనూ పట్టికలో పరచడం కంటే ఏటి దగ్గరి బోర్లకు, దూరపు బోర్లకు వేర్వేరుగా మధ్యస్థ విలువ, కనిష్ఠం, గరిష్ఠం, బోర్ల సంఖ్య ఇవ్వడం మేలు. నమూనాలు తక్కువై, విలువలు ఒక పక్కకు ఒరిగి ఉన్నప్పుడు సగటు తప్పుదోవ పట్టిస్తుంది. ఒక్క బోరులో విపరీతంగా ఎక్కువ ఉంటే సగటు దానివైపు జరిగిపోతుంది. అటువంటప్పుడు రెండు గుంపులను పోల్చడానికి మాన్-విట్నీ పరీక్ష సరిపోతుంది. 'గణనీయమైన తేడా' అన్న మాటను గణాంక పరీక్ష ఫలితం పక్కన ఉన్నప్పుడే వాడాలి.

పటంలో స్కేలు, ఉత్తర దిశ, పెన్న, పాపాఘ్ని, బోర్ల స్థానాలు ఉంటే చాలు. రంగులతో గీసిన పటాన్ని నలుపు తెలుపులో అచ్చు తీసి చూసుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు రెండూ ఒకే బూడిద రంగులోకి మారితే గుర్తులను వృత్తాలుగా, త్రికోణాలుగా మార్చాలి.

*చర్చ, ముగింపు.* ఫలితానికి కారణమేమిటన్న విచారణ ఇక్కడ జరుగుతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న క్షారగుణపు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కరిగి ఉంటుందన్నది బాగా స్థిరపడిన విషయం. కొలిచిన కాల్షియం విలువలు దానికి అనుగుణంగా ఉన్నాయా, లేదా అన్నది చూడాలి. ఈ భాగంలోనే హద్దులు కూడా చెప్పాలి: ఒకే ఋతువు, ఒకే మండలం, తక్కువ నమూనాలు. ఇవి చెప్పుకుంటే పత్రం బలహీనపడుతుందన్న భయం కొత్తవారిలో ఉంటుంది. సమీక్షకులు మొదట వెతికేది ఈ హద్దులనే కాబట్టి, రచయితే ముందుగా చెబితే మిగిలిన పత్రంపై నమ్మకం పెరుగుతుంది. ముగింపు సారాంశానికి నకలు కాకూడదు. ప్రశ్నకు జవాబు ఒకటి రెండు వాక్యాల్లో ఇచ్చి ఆపాలి.

రాసే క్రమం, భాష

చదివే క్రమం, రాసే క్రమం ఒకటి కావు. పట్టిక, పటం ముందు తయారుచేసి, వాటికి వివరణగా ఫలితాలు, ఆపై పద్ధతి, చర్చ, ఉపోద్ఘాతం రాసి, సారాంశం చివర రాయడం అనుభవజ్ఞుల అలవాటు. పద్ధతిని మాత్రం పని జరుగుతున్న రోజుల్లోనే నోటుబుక్కులోంచి ఎత్తి రాస్తే వివరాలు జారిపోవు.

భారతదేశంలో చాలా సదస్సులు ఇంగ్లీషు పత్రాలనే తీసుకుంటాయి. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చినవారు ఇంగ్లీషులో తడబడి, ఇతర పత్రాల వాక్యాలను అతికించుకోవడం జరుగుతుంటుంది. చెప్పదలచింది ముందు తెలుగులో చిన్న వాక్యాలుగా రాసుకుని, ఆ వాదన నిలుస్తుందని తేలాక ఇంగ్లీషులో రాయడం ఇందుకు పనికొచ్చే మార్గం. తర్కం ఎక్కడ తెగిందో సొంత భాషలో వెంటనే కనబడుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన పారిభాషిక పదకోశాలు ఈ రాతప్రతికి ఉపకరిస్తాయి. వంక, చెరువు కట్ట, రేగడి వంటి స్థానిక మాటలను ఇంగ్లీషు పత్రంలో వాడవలసి వస్తే మొదటిసారి వాడినచోటే అర్థం ఇవ్వాలి.

సమర్పణ, సమీక్ష

సదస్సు నిర్వాహకులు పత్రాలను ఆహ్వానిస్తూ ప్రకటన ఇస్తారు. అందులో విషయాల పరిధి, పేజీల హద్దు, నమూనా ఫైలు, గడువు తేదీలు ఉంటాయి. ఇంజనీరింగ్ రంగంలో రెండు నిలువు వరుసల ఐఈఈఈ నమూనా బాగా ప్రచారంలో ఉంది. దాన్ని వర్డ్‌లోగానీ, లేటెక్‌లోగానీ నింపవచ్చు. సమీకరణాలు ఎక్కువగా ఉన్న పత్రాలకు లేటెక్ అనువైనది. ఈజీచైర్, మైక్రోసాఫ్ట్ సీఎంటీ వంటి వ్యవస్థల ద్వారా పత్రం పంపుతారు.

సమీక్ష తీరు రంగాన్ని బట్టి ఉంటుంది. విస్తృత శాస్త్ర సమావేశాలు సారాంశం చూసి నిర్ణయిస్తాయి. కంప్యూటర్ సదస్సులు పూర్తి పాఠాన్ని ఇద్దరు ముగ్గురు సమీక్షకులకు పంపుతాయి. రచయిత పేరు సమీక్షకుడికి, సమీక్షకుడి పేరు రచయితకు తెలియని పద్ధతి ఉన్నచోట పత్రంలో పేర్లు, కళాశాల, కృతజ్ఞతలు తీసేయాలి. 'మా కళాశాల ప్రయోగశాలలో' వంటి మాట కూడా గుట్టు విప్పుతుంది. ఆమోదం వచ్చాక సమీక్షకుల సూచనల మేరకు సవరించి తుది ప్రతి పంపుతారు. రచయితల్లో కనీసం ఒకరు రుసుము కట్టి నమోదు చేసుకుంటేనే పత్రం సంకలనంలో చేరుతుంది.

సదస్సులో మాట్లాడే సమయం పది పదిహేను నిమిషాలకు మించదు. పత్రాన్ని చదివి వినిపించడం కాక, ప్రశ్న, పటం, ఫలితం, హద్దు అన్న క్రమంలో మాట్లాడితే ప్రశ్నలకు వ్యవధి మిగులుతుంది.

నియమాలు, నైతికత

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు కనీసం ఒక పత్రికా వ్యాసం, రెండు సదస్సు సమర్పణలు తప్పనిసరి. 2022 నిబంధనలు ఈ షరతును తొలగించాయి. ఆ ఆరేళ్లలో సర్టిఫికెట్ కోసమే పత్రం రాసే ధోరణి బాగా బలపడింది. షరతు పోయినా ధోరణి పూర్తిగా పోలేదు. సమీక్ష లేకుండా రుసుము తీసుకుని ఏ విషయంపైనైనా ఆమోదపత్రం పంపే నకిలీ సదస్సులు దానిమీదే బతుకుతున్నాయి. పంపిన ఒకటి రెండు రోజుల్లో ఆమోదం రావడం, పొంతన లేని రంగాలన్నీ ఒకే సదస్సులో ఉండటం, కార్యక్రమ సంఘంలోని వారికే తమ పేరు అందులో ఉన్నట్టు తెలియకపోవడం వీటి గుర్తులు.

గ్రంథచౌర్యంపై నిధుల సంఘం 2018లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. ఆపై 40 శాతం వరకు, 60 శాతం వరకు, 60 దాటితే అంటూ మూడు స్థాయిల్లో చర్యలు తీసుకుంటారు. ఈ శాతాన్ని యంత్రం లెక్కిస్తుంది, ఉద్దేశాన్ని కాదు. పద్ధతి భాగంలోని ప్రామాణిక వాక్యాలు యాదృచ్ఛికంగా కలవవచ్చు. ఇతరుల ఆలోచనను మాటలు మార్చి తీసుకుంటే యంత్రానికి పట్టుబడకపోవచ్చు, అయినా అది చౌర్యమే.

కృత్రిమ మేధను రచయితగా చూపకూడదన్నది ప్రధాన ప్రచురణ సంస్థల ఉమ్మడి వైఖరి. దానితో రాయించుకున్న పాఠం ఉంటే కృతజ్ఞతల విభాగంలో వెల్లడించాలని ఐఈఈఈ కోరుతుంది. ఇటువంటి సాధనాలు లేని పత్రాలను ఉన్నట్టుగా ఉదహరించగలవు. కాబట్టి ఉపయుక్త గ్రంథాల జాబితాలోని ప్రతి అంశాన్నీ రచయిత స్వయంగా తెరిచి చూసుకోవాలి. పనిలో పాలుపంచుకోనివారి పేరు గౌరవార్థం చేర్చడం, నీరు పట్టి, కొలతలు తీసిన విద్యార్థి పేరు వదిలేయడం రెండూ ఒకే తప్పు కిందికి వస్తాయి.

సదస్సు తర్వాత

సంకలనంలో అచ్చయిన లఘు పత్రాన్ని పెంచి పత్రికకు పంపవచ్చు. కనీసం 30 శాతం కొత్త విషయం ఉండాలనే పత్రికలున్నాయి. సదస్సు పత్రం ముందే వచ్చిందన్న సంగతి సంపాదకుడికి రాయాలి. పై ఉదాహరణలో రెండో ఋతువు కొలతలు, కాల్షియం, బైకార్బొనేటులపై మరింత లోతైన విశ్లేషణ, పక్క మండలాల బోర్లు చేరితే అది పూర్తి వ్యాసమవుతుంది. కొలతల పట్టికను జెనోడో వంటి బహిరంగ నిక్షేపంలో ఉంచి, దానికి వచ్చిన శాశ్వత గుర్తింపు సంఖ్యను పత్రంలో ఇవ్వడం ఇప్పుడు ఆనవాయితీ అవుతోంది. అలా ఉంచేటప్పుడు బోరు యజమానుల పేర్లు తీసేసి, అక్షాంశ రేఖాంశాలను కొంత గుండ్రం చేస్తారు. నీరు ఇచ్చిన రైతులకు తమ బోరు ఫలితాన్ని తెలుగులో రాసిన చీటీగా అందజేయడం, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినచోట ఆ సంగతి గ్రామీణ నీటి సరఫరా అధికారులకు తెలియపరచడం పత్రం అచ్చయ్యే దాకా ఆగకుండా చేయవలసిన పనులు.